విల్మా దొరసాని రాసిన ఉత్తరం

గోడ మీద పటం లేదు. నలభై ఏళ్ళుగా అది వేలాడిన చోట తెల్లటి నలుచదరం మిగిలింది, చుట్టూ గోడంతా మాసిపోయి అక్కడ మాత్రం మొన్న సున్నం వేసినట్టుంది, పైన మేకు అలాగే ఉంది. లోపలికి రాగానే నాకు ముందు ఆ మేకే కనిపించింది. నాలుగింటికి పిలుస్తామన్నారు, నేను మూడింటికే వచ్చి చర్చిలో ఆఖరి బెంచీ మీద కూర్చున్నాను, బడిలో పిల్లలకి ఆలస్యం చేయొద్దని ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్న నోరు కదా, ఆ మాట నా కాళ్ళు కూడా విన్నట్టున్నాయి. వేదిక వెనక పాస్టరు వాడుకునే వెస్ట్రీ గది తలుపు వేసి ఉంది. లోపల సంఘ కమిటీ కూర్చుంది, నలుగురు మగాళ్ళు, పటం వాళ్ళ దగ్గరే ఉంది, అద్దం విప్పి కాగితం బయటికి తీశారట. పాస్టరు ప్రసన్నకుమార్ తల మాత్రం బయటపెట్టి, కూర్చోండి అమ్మగారూ, అని రెండు తుమ్ములు తుమ్మి తలుపు వేసుకున్నాడు. పాపం ఆయనది కనిగిరి, మా మిరప కల్లాల ఘాటు ఆయన ముక్కుకి ఇంకా అలవాటు కాలేదు. ఇంకా గంట ఉంది. ఈ గంటలో నేను తేల్చుకోవాల్సింది ఒక్కటే, లోపలికి వెళ్ళాక అబద్ధం చెప్పాలా వద్దా అన్నది.

ఆ కాగితం ఒక ఉత్తరం. 1938 జనవరిలో విల్మా దొరసాని మా అమ్మమ్మ పుల్లమ్మకి రాసినట్టున్న ఉత్తరం. దొరసాని మా పేటలో ఈ చర్చి కట్టించిన మిషనరీ. అమ్మమ్మ ఆమె దగ్గర బైబిలు స్త్రీగా పనిచేసింది, అంటే ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకి వాక్యం చదివి వినిపించడం. పుల్లమ్మ గారూ, నెలలో మొదటి ఆదివారం మీరు ప్రసంగవేదిక ఎక్కి మాట్లాడండి, మీ తర్వాత చదువుకున్న మరో స్త్రీ మాట్లాడాలి, ఎవరూ ఆపకూడదు, అని అందులో ఉంది. మిరప కోతకు పోయే స్త్రీలు కూడా మాట్లాడవచ్చును అని చివర ఇంకో వాక్యం. ఏటా చర్చి వార్షికోత్సవం నాడు అందరూ నిలబడి ఉండగా దాన్ని చదువుతారు, కొందరు ముసలమ్మలు కళ్ళు కూడా తుడుచుకుంటారు. చుట్టుపక్కల ప్రత్తిపాడు దాకా ఏ చర్చిలోనూ లేని ఆచారం మా దగ్గర ఆ ఉత్తరం మీదే నిలబడింది. అమ్మమ్మ మాట్లాడింది, ఆమె పోయాక నేను మాట్లాడుతున్నాను, ఈ వచ్చే ఆదివారం మొదటిసారి ఆదెమ్మ మాట్లాడాలి. ఆదెమ్మ మిరప కోత కూలీ, బడిలో రెండో తరగతి దాటలేదు, ఆమెకి వేదిక ఎక్కే హక్కు ఇచ్చింది ఆ చివరి వాక్యమే. ఆ ఉత్తరం నేను రాశాను.

పట్టుకున్నది జయరావు గారు. సంఘ కార్యదర్శి, వీఆర్వోగా రిటైరైన మనిషి, ఎవరి చేను ఎవరి పేరున ఉందో చూసుకుంటూ బతుకంతా గడిపినవాడు. వార్షికోత్సవానికి అద్దం తుడుస్తూ, ఎన్నిసార్లో విన్న ఉత్తరమే, కళ్ళజోడు పెట్టుకుని చదివి ఆగిపోయారట. మిరప కోత ఏమిటి? ఈ ఊరికి సాగర్ కాలవ నీళ్ళు వచ్చింది డెబ్భైలో. అంతకుముందు జొన్న, పొగాకు, కాస్త నాటు పత్తి. మిరప అంటే పెరట్లో నాలుగు మొక్కలు. "ముప్ఫై ఎనిమిదిలో ఏ చేలోకి పోయి కోశారమ్మా హెలెనూ, మిరపకాయలు?" అని నన్ను బజారులో నిలబెట్టి అడిగారు. కోపంగా అడిగి ఉంటే నేనూ కోపంగా ఏదో ఒకటి అనేదాన్ని, కానీ నిజంగా తెలుసుకోవాలని అడిగారు. నేను నవ్వాను. నవ్వితే పోతుందనుకున్నాను. ఆయన్ని తిట్టుకోవడానికీ లేదు, సొంత తమ్ముడికి పాసుపుస్తకంలో పేరు మార్చనని చెప్పి పదేళ్ళు పలకరింపులు పోగొట్టుకున్న మనిషి, కాగితం అబద్ధం చెప్పకూడదన్నది ఆయన మతంలో ఇంకో మతం. ఆడవాళ్ళు వేదిక ఎక్కడం ఆయనకి ఎప్పుడూ ఇష్టం లేదు, అదీ నిజమే. దొరసాని రాసిందని ఊరుకున్నాను గానీ, పౌలు భక్తుడు వద్దన్నాడు కదమ్మా, అన్నారు వెళ్ళిపోతూ.

ఇక నిన్న సాయంత్రం పాస్టరు ఫోను. గొంతు తగ్గించి, భార్యకి కూడా వినపడకుండా మాట్లాడుతున్నట్టు. "అమ్మగారూ, నకలు అనండి. అసలు ఉత్తరం చెదలు తినేసిందనీ, పుల్లమ్మ గారు చెబితే చిన్నప్పుడు మీరు చూసి తిరగరాశారనీ, ఆ మిరప మాట ఒక్కటి మీరే తెలీక కలిపారనీ చెప్పండి. ఆ వాక్యం కొట్టేస్తారు, అంతే. ఉత్తరం నిలబడుద్ది, మీ ఆదివారం మీకుంటది." మరి ఆదెమ్మ, అన్నాను. "ఆమె సంగతి తర్వాత చూద్దామండీ." మంచివాడు, నిజంగానే నా మంచి కోరాడు, అందుకే ఫోను పెట్టేశాక నాకు అంత ఒళ్ళు మండింది. ఎంత చక్కగా సర్దాడో. ఎక్కడ నేర్చుకున్నాడో కూడా నాకు తెలుసు. పోయినేడు పోస్టులో వచ్చే బైబిలు వేదాంత కోర్సు పాఠం ఒకటి బుర్రకెక్కక పుస్తకం పట్టుకుని ఆయన వరండాలో కూర్చున్నాను, టీ ఇచ్చి ఓపిగ్గా చెప్పాడు. బైబిల్లో పౌలు పేరు మీద పత్రికలని ఉన్న ఉత్తరాలన్నీ పౌలు రాసినవి కావట, తిమోతికీ తీతుకీ రాసినవి ఆయన పోయాక ఎవరో ఆయన పేరు పెట్టి రాశారని చాలామంది పండితులు అంటారట. మాటల తీరు ఆయనది కాదు. అందులో ఉన్న అధ్యక్షుల ఏర్పాట్లూ, విధవరాండ్ర జాబితాలూ ఆయన రోజుల్లో అంతగా లేవు, తర్వాతి వాళ్ళు తమ చుట్టూ ఉన్నదాన్నే ఆయన కాలంలోనూ ఉందనుకుని రాసేశారు. కాదు పౌలే రాశాడు, చెబుతుంటే రాసిపెట్టిన లేఖకుడు మారాడు, అందుకే మాట తీరు మారింది, అనేవాళ్ళూ ఉన్నారట. నకలు, లేఖకుడు, చెబితే రాశాడు. అదే మందు నాకూ పోశాడు నిన్న.

ఆ రోజు టీ చల్లారిపోయింది, నాకు గుర్తుంది, నేను తాగలేదు. ఎందుకంటే స్త్రీ మౌనంగా ఉండాలి, ఉపదేశించకూడదు అన్న మాట ఉన్నది ఆ తిమోతి పత్రికలోనే. కొరింథీయులకి రాసిన దాంట్లోనూ అలాంటిదొకటి ఉంది, అది కూడా తర్వాత ఎవరో ఇరికించారని కొందరంటారు, ఆ గొడవ వేరు. కానీ ఎనభై అయిదులో అప్పటి పాస్టరు వేదిక మీద నిలబడి మా అమ్మమ్మని కూర్చోబెట్టింది తిమోతి పత్రిక చదివే. నాకు పదమూడేళ్ళు. అమ్మమ్మకి డెబ్భై. మొదటి ఆదివారం, వాక్యం చెబుదామని తెల్లచీర కట్టుకుని, బైబిలు గుడ్డలో చుట్టుకుని లేచి నిలబడింది, ఆయన చెయ్యి ఎత్తి ఆపి ఆ నాలుగు వాక్యాలు చదివాడు. అమ్మమ్మ అంతా విన్నది. నెమ్మదిగా కూర్చుంది. బైబిలు గుడ్డ విప్పలేదు. అది చూసిన నాకు ఏడుపు రాలేదు, పాస్టరు కాలు మీద రాయి వేయాలనిపించింది. ఇప్పటికీ ఆ వాక్యాలు ఎవరు చదివినా నాకు ఆ రాయే గుర్తొస్తుంది. ఒక పెద్దమనిషి పేరు పెట్టుకుని వచ్చిన నాలుగు మాటలు, యాభై ఏళ్ళు ఎండలో ఇల్లిల్లూ తిరిగిన ఆడమనిషిని కూర్చోబెట్టేశాయి. రాసినవాడి పేరేమిటో కూడా ఎవరికీ తెలీదు. ఇంత పాత కోపం ఈ వయసులో ఏం చేసుకుంటానో నాకే తెలీదు.

బయట పరదాల మీద కాయలు ఆరబోసిన వాసన కిటికీలోంచి వస్తోంది. వెస్ట్రీ గదిలో ఎవరో తుమ్మారు, ఇంకెవరో తుమ్మారు. మూడున్నర. ఆదెమ్మ వచ్చింది. కల్లం నుంచి అటే వచ్చినట్టుంది, తలగుడ్డ విప్పలేదు, వేళ్ళు గోళ్ళ దాకా ఎర్రగా ఉన్నాయి, కళ్ళు తుడుచుకోవాలన్నా మోచేత్తో తుడుచుకుంటుంది. పాలిథిన్ కవరులోంచి మడతపెట్టిన కాగితం తీసింది. ఆమె ప్రసంగం అది. ఆమె చెబితే పోయిన వారం నేను పెద్ద అక్షరాల్లో రాసిచ్చాను, ఆమెకి కూడబలుక్కుని చదవడం వచ్చు, రాయడం రాదు. "టీచరక్కా, పటమేది?" అంది గోడ చూస్తూ. తుడవడానికి తీశారని చెప్పాను. నమ్మింది. ఆ నమ్మకం చూసి నాకు సిగ్గేసింది. తర్వాత కాగితం మీద ఒకచోట ఎర్రటి వేలు పెట్టింది. "ఇది నా మాట కాదక్కా." ప్రభువు హాగరును కరుణించెను అని రాసి ఉంది అక్కడ. "నేనట్టా అనలా. హాగరు పనిమనిషి, అబ్రాహామూ శారా ఏనాడూ ఆమెని పేరు పెట్టి పిలవలా, దాసి దాసి అన్నారంతే, దేవుడి దూత పేరు పెట్టి పిలిచాడు అన్నా. నువ్వు కరుణ అని పెట్టావు." బాగుంటుందని పెట్టానే, అన్నాను. "బాగుంటదిలే అక్కా, నాది కాదుగా." నేను సంచీలోంచి పెన్ను తీసి కొట్టేసి, ఆమె అన్నది అన్నట్టే రాశాను. నా చెయ్యి ఊరుకోదు. పదమూడేళ్ళప్పుడూ ఊరుకోలేదు.

ఆదెమ్మ ముందు బెంచీకి వెళ్ళి పెదాలు కదుపుతూ చదువుకుంటోంది. ఆమె వీపు చూస్తూ నేను ఎనభై అయిదులో మా వంటింట్లో కూర్చున్నాను. అమ్మమ్మకీ అంతే, చదవడం వచ్చు, రాయడం రాదు, ఆ రోజుల్లో బైబిలు స్త్రీలకి చదువంటే చదవడం వరకే నేర్పేవాళ్ళు, వాళ్ళు సొంతంగా రాసేది ఏముంటుందని కాబోలు. పాత బాప్తిస్మం రిజిస్టరులో చివర ఖాళీగా మిగిలిన పేజీ ఎక్కడ సంపాదించిందో సంపాదించింది. నీళ్ళు కలిపిన నీలం సిరా. దొరసాని ఆమెకి ఇచ్చిన బైబిలు అట్ట లోపల రాసిన నాలుగు వరుసలు ముందు పెట్టి, ఇట్టా రాయి, అంది. నాకు పెద్ద కష్టం కాలేదు. దొరసాని తెలుగు ఒక్కొక్క అక్షరం విడివిడిగా, గుండ్రంగా, జాగ్రత్తగా ఉంది, బడిలో మేం దస్తూరి పుస్తకంలో రాసే రాతా అదే. పరాయి భాష దిద్దుకున్న దొరసానీ, పదమూడేళ్ళ పిల్లా ఒక్కలాగే రాస్తారు. మొదట పుల్లమ్మా అని మొదలుపెట్టాను. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "పుల్లమ్మ గారూ అని రాయవే. మీరు అని రాయి. ఊళ్ళో నన్ను మీరు అన్న మనిషి ఆమె ఒక్కతే." నేను గారూ అని చేర్చాను. అమ్మమ్మ ఆ ఒక్క మాట మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత కాగితాన్ని పొగాకు ఆకుల మధ్య పెట్టి చూరులో వారం రోజులు దాచింది, తీసేటప్పటికి పండిపోయి గోధుమరంగు తిరిగింది, దగ్గరగా వాసన చూస్తే ఇప్పటికీ పొగాకు కొడుతుంది. ఇంతకాలానికి దొరికిందని పట్టుకెళ్ళి చూపిస్తే ఆ పాస్టరే దానికి అద్దం కట్టించి గోడకి తగిలించాడు. దొరసాని రాసిన కాగితం ముందు ఆయనకి తిమోతి గుర్తు రాలేదు.

రాస్తూ అడిగాను, నిజంగా దొరసాని నిన్ను మాట్లాడమన్నదా అమ్మమ్మా అని. పొయ్యిలో పుల్ల ఎగదోసింది, నా వైపు చూడలేదు. "ఉంటే అనేదే." అంతే. అన్నదని కాదు, అనలేదనీ కాదు, ఉంటే అనేదే. పౌలు పేరు పెట్టిన ఆ ఎవరో కూడా ఇంతే అనుకుని ఉంటాడు, గురువుగారు ఉంటే ఇదే అనేవారు, నేను ఆయన నోరు కాస్త అరువు తెచ్చుకుంటున్నానంతే అని. ఆడవాళ్ళ నోరు మూయించడానికి ఆయన తెచ్చుకున్నాడు, తెరవడానికి మా అమ్మమ్మ తెచ్చుకుంది. కాబట్టి మాది మంచి దొంగతనం, వాళ్ళది చెడ్డది, అని సర్దుకోవచ్చు. సర్దుకున్నాను కూడా, ఇన్నేళ్ళూ. కానీ ప్రతి మొదటి ఆదివారం వేదిక ఎక్కి, గోడ మీద నా రాత చూస్తూ, సత్యము మిమ్మల్ని స్వతంత్రుల్ని చేస్తుందని ఎన్నిసార్లు చెప్పానో. ఆ మాట అన్న రోజు ఇంటికెళ్ళి అన్నం తినబుద్ధి అయ్యేది కాదు.

మిరప వాక్యం అమ్మమ్మ చెప్పలేదు. ఆమె చెప్పింది చదువుకున్న స్త్రీ వరకే. అప్పుడు మా అమ్మ కోతకి వెళ్ళి ఇంకా రాలేదు, పొద్దున్నుంచి చేలోనే ఉంది, చదువు లేదు కాబట్టి మా అమ్మ ఎప్పటికీ మాట్లాడకూడదా అనిపించి, అడక్కుండానే ఆ వాక్యం కలిపేశాను. కాలవ లేని ఊరు నేను ఎరగను, నేను పుట్టేసరికే చుట్టూ అంతా ఎరుపు, మిరప చేలు దేవుడు చేసినప్పటినుంచీ ఉన్నాయనుకున్నాను. తర్వాత మొత్తం చదివి వినిపించాను. ఆ వాక్యం దగ్గర అమ్మమ్మ మళ్ళీ చదవమంది. చదివాను. ఇంకోసారి అంది. "ఉండనీ," అంది.

ఉండనీ. నలభై ఏళ్ళుగా అది నాకు మెచ్చుకోలు. ఇప్పుడు, ఈ బెంచీ మీద, అది వేరుగా వినిపించింది. అమ్మమ్మకి తెలుసు. కాలవ రాకముందు ఈ ఊళ్ళో యాభై ఏళ్ళు బతికిన మనిషి ఆమె, జొన్నచేలో కంకులు కోసింది, పొగాకు నారు మోసింది, మీ అమ్మ పుట్టేనాటికి ఎండుమిరపకాయలు సంతలో కొనుక్కుని తినేవాళ్ళమే అని ఆమే నాకు చెప్పింది. ముప్ఫై ఎనిమిదిలో మిరప కోత లేదని ఈ పేటలో అందరికంటే బాగా తెలిసిన మనిషి మూడుసార్లు చదివించుకుని ఉండనీ అంది. దొరసాని పేరు కోసం అంత జాగ్రత్తపడింది, కాగితం పాతది తెచ్చింది, పొగాకులో పెట్టింది, మీరు అనే మాట కూడా మరిచిపోలేదు. ఆ ఒక్క వాక్యం మాత్రం కొట్టేయించలేదు. ఎప్పుడో ఒకనాడు ఎవరో ఒకరు పట్టుకుంటారని తెలిసే ఉంచింది. కూతురు కోసం ఉంచిందా, నా ముఖం చూసి ఉంచిందా, లేక మొత్తం అబద్ధంలో ఒక్కచోటైనా మేము మేముగా ఉండాలని ఉంచిందా, ఇక అడగడానికి ఆమె లేదు. నకలు అని నేనంటే కొట్టేసేది ఆ వాక్యాన్నే. నా ఆదివారం నాకు ఉంటుంది. అమ్మమ్మ ఉండనీ అన్నది పోతుంది. లేచి నిలబడ్డాను.

"రండి అమ్మగారూ," పాస్టరు తలుపు తీశాడు. లోపల బల్ల మీద ఉత్తరం, పక్కన మినిట్స్ పుస్తకం, జయరావు గారి చేతిలో పెన్ను. మిగతా ఇద్దరు పెద్దలు నన్ను చూడకుండా ఫ్యాను వైపు చూస్తున్నారు. పాస్టరు నన్నే చూస్తున్నాడు, కళ్ళతోనే నకలు, నకలు అంటున్నాడు.

"ఇది నకలు కాదండీ," అన్నాను. "దొరసాని రాయలేదు. పదమూడేళ్ళప్పుడు మా అమ్మమ్మ చెబితే నేను రాశాను. మిరప వాక్యం ఆమె కూడా చెప్పలేదు, అది నా సొంతం."

పాస్టరు కళ్ళు మూసుకున్నాడు. జయరావు గారికి సంతోషం కలగలేదు, అది నేను చూశాను, నా మాటలు ఒక్కొక్కటే పుస్తకంలో రాసుకుని, "సంతకం పెట్టమ్మా," అన్నారు మెల్లగా. పెట్టాను. ఆ ఉత్తరానికి నా పేరు చేరడం అదే మొదలు. నాలుగు దశాబ్దాల బరువు భుజం మీంచి దించినట్టుంది.

"పేరు అబద్ధమైతే ఆ కాగితం చెల్లదు, అంతేనాండీ?" అన్నాను.

"చెల్లదమ్మా. ఎంత మంచి మాట ఉన్నా చెల్లదు."

"అది కూడా రాయండి."

రాశారు. పైకి చదివి వినిపించారు. పెద్దలిద్దరూ తలలూపారు. అప్పుడు పాస్టరు వైపు తిరిగాను. నా గొంతు బడిలో గొంతులా ఉంది, ఏం చేయను. "పాస్టరు గారూ, తిమోతికి రాసిన పత్రిక ఎవరు రాశారండీ?"

"అమ్మగారూ," అన్నాడు, బతిమాలుతున్నట్టు.

"వరండాలో నాకు చెప్పారు కదా. అదే ఇక్కడ చెప్పండి."

ఆయన చెమట తుడుచుకున్నాడు. పౌలే రాశాడని నమ్మే గొప్పవాళ్ళు కూడా ఉన్నారన్నాడు. ఉన్నారు, మీరేమంటారు, అన్నాను. ఫ్యాను తిరుగుతోంది. పొగాకు వాసన వేసే నా కాగితం బల్ల మీద అంచు లేచి పడుతోంది. చివరికి పాస్టరు, జయరావు గారి వైపు చూడకుండా, "కాదనే అనుకుంటున్నానండీ," అన్నాడు.

"రాయండి జయరావు గారూ. ఆయన సంతకం కూడా తీసుకోండి."

జయరావు గారు తాను ఇప్పుడే రాసిన వాక్యం వైపు చూసుకున్నారు. సిరా ఇంకా తడిగా ఉంది. కాగితం విషయంలో ఒక్కనాడూ అబద్ధమాడని మనిషి. పెన్ను పుస్తకం మీదికి దించలేదు, పక్కనా పెట్టలేదు. అప్పుడు తలుపు అవతల నుంచి పెద్దగా గొంతు వినపడింది, ఎవరూ లేరనుకుని వేదిక ఎక్కి చెప్పుకుంటున్నట్టుంది, కాగితం చూసి చదువుతున్న గొంతు కాదు. "ఆమె కూలిమనిషి. ఆమెకి పేరుంది. ఇంట్లోవాళ్ళు పిలవలా, దేవుడు పిలిచాడు."

"ఎవరమ్మా అది?" అన్నారు జయరావు గారు.

"ఆదెమ్మ గారండీ," అన్నాను.